ఫిగా ముట్టని గిన్నె

"అత్తయ్యా, ఫిగా తిండిలో ఏం కలిపారు?"

ఇవోనా వంటింటి తలుపు దగ్గరగా వేసి మరీ అడిగింది. ఆ రోజు పునీత లియోకాదియా పండుగ. అంటే ఆ పేరే ఉన్న అత్తగారిదీ పండుగే. హాల్లో ఆవిడ స్నేహితురాళ్ళు నలుగురు, చర్చి ఫాదర్ గారు, అందరికీ గ్లాసులు నింపుతూ భర్త యాత్సెక్. వాళ్ళకి ఈ మాట వినబడకూడదు.

లియోకాదియా కేకు కోస్తున్న చాకు ఆపలేదు. "నీ ఫెరెట్ గిన్నె నేనెందుకు ముడతానమ్మా? నేను చేసినవి అవతల పదిమంది తినాలి."

"మరి ఇదెందుకు తినడం లేదు?"

స్టవ్వు పక్కన ఫిగా గిన్నె చుట్టూ తిరుగుతోంది. ముంగిసలా పొడుగ్గా సాగే ఒళ్ళు, కళ్ళ చుట్టూ నల్లటి మచ్చ. మూతి దగ్గరకి పెట్టి, తుమ్మి, వెనక్కి గెంతింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుమ్మింది. ఇక లాభం లేదన్నట్టు ఇవోనా పాదాల మీదకి ఎక్కి కూర్చుంది.

"ఫాదర్ గారు ఇంటికొచ్చారని ఉపవాసం పట్టిందేమో."

"వేళాకోళం వద్దు. సెప్టెంబరులోనూ ఇలాగే నవ్వారు. తీరా చూస్తే పాలల్లో నానేసిన రొట్టె పెట్టారు. డాక్టరు సెలైన్ ఎక్కించి బతికించాడు."

"మా నాన్న జీవితమంతా ఫెరెట్లని పాలూ రొట్టెతోనే పెంచాడు. బొరియల్లోంచి కుందేళ్ళని తరుముకొచ్చేవి."

"ఎన్నేళ్ళు బతికేవి?"

"ఎవరు లెక్కపెట్టారు? ఒకటి పోతే ఇంకోటి తెచ్చేవాడు."

"అదీ సంగతి!" అంది ఇవోనా. "మీ అబ్బాయి అప్పుడేమన్నాడో గుర్తుందా?"

లియోకాదియా చేతిలో చాకు మొదటిసారి ఆగింది. గుర్తులేకేం? అమ్మ ఇంకోసారి దాని తిండి జోలికి వెళితే రాదోమ్‌లో పిన్ని ఇంట్లో దింపేసి వస్తానన్నాడు. అన్నాడంటే దింపేస్తాడు కూడా.

"పండుగ పూటే వెళ్ళగొడతావా నన్ను?"

"నిజం చెబితే వెళ్ళగొట్టను."

"నిజమే చెబుతున్నా. ముగ్గురు పిల్లల్ని పెంచాను, ఒక్క పూట కూడా త్రాసు ముట్టలేదు. నువ్వు దీనికి దూడ గుండె ఇంత, కాలేయం అంత, కౌజుపిట్టని ఎముకలతో సహా నూరి మరింత... మందుల షాపువాడు కూడా ఇంత నిష్ఠగా పొట్లం కట్టడు."

"కాలేయం ఎక్కువైనా జబ్బే, ఎముక తక్కువైనా జబ్బే. అందుకే ఇంకొకరి చెయ్యి పడనివ్వను. పొద్దున నేనే కలిపాను, నేనే ఫ్రిజ్‌లో పెట్టాను, ఇప్పుడు నేనే తీసి వేశాను. మధ్యలో ఫ్రిజ్ తెరిచిందెవరు?"

"నేనే. చేపల పళ్ళేనికి చోటు లేకపోతే గిన్నెలు అటూ ఇటూ జరిపాను. అదీ నేరమేనా?"

"మూత తీశారా?"

"తియ్యలేదు."

"ఒట్టు?"

"ఫాదర్ గారు అవతలే ఉన్నారుగా, పిలు. ఆయన ముందే చెబుతాను."

గొంతు గట్టిగానే ఉంది. కానీ ఆవిడ కళ్ళు ఒక్కసారి కూడా నేలమీది గిన్నె వైపు పోలేదు. కేకునే చూస్తున్నాయి. తప్పు చేసినవాళ్ళే అలా చూస్తారు అనుకుంది ఇవోనా.

మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె దగ్గరకి లాక్కుంది. రెండు రోజులుగా జలుబుతో ముక్కు దిబ్బడ. వాసన ఏమీ తెలియడం లేదు. వేలితో మాంసాన్ని విడదీసింది. ఎర్రటి ముద్ద మధ్యలో సన్నగా, తెల్లగా ముక్కలు. ఒకటి తీసి నాలుక చివర ఆనించింది.

"ఉల్లిపాయ!"

ఫిగాని చటుక్కున ఎత్తి గుండెలకి అదుముకుంది. "ఉల్లిపాయ తింటే దీని నెత్తురు విరిగిపోతుందని నూటొక్కసార్లు చెప్పాను. తెలిసే వేశారు కదూ? ఈసారి చంపేద్దామనే కదూ? యాత్సెక్! ఒకసారి ఇటు రా!"

"ఉల్లిపాయేమిటి?" లియోకాదియా చాకు పడేసి వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని గిన్నెలోకి వంగింది. ఆవిడ మొహంలో రంగు మారింది. "మిరియాలు కూడా ఉన్నాయే. ఊరేసిన దోసకాయ... ఓసి నీ దుంపతెగ! ఇది నా తతార్! తెల్లవారకముందే లేచి చాకుతో సన్నగా కొట్టిన మాంసం. అతిథులకి పచ్చిగా వడ్డించాల్సినదాన్ని తీసుకొచ్చి నేలమీద పెట్టావా?"

"మధ్య అరలోంచే తీశానే..."

"మధ్య అరలో నాది పెట్టి, నీది కిందకి దింపాను. రెంటికీ అవే తెల్ల గిన్నెలాయె!"

"మరి... హాల్లో..."

తలుపు తోసుకుని యాత్సెక్ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. చేతిలో నాకినట్టు ఖాళీ అయిన పళ్ళెం.

"అమ్మా, నీ తతార్ అదిరిపోయింది! నేనే ఫ్రిజ్‌లోంచి తీసి, పైన పచ్చసొన పెట్టి వడ్డించా. ఫాదర్ గారు మూడుసార్లు వేయించుకున్నారు. ఆ కరకరలాడేవి ఏమిటి, ఎవరి చేతి వంట అని ఒకటే అడుగుతున్నారు."

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లియోకాదియా నెమ్మదిగా ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించింది. జుట్టు సర్దుకుంది. వంటింటి తలుపు బార్లా తెరిచి, హాలంతా వినబడేలా అంది:

"నా వంట కాదు ఫాదర్, మా కోడలిది. తూకం వేసి మరీ చేసింది!"