బడి తేదీ

"పుట్టినతేదీ చెప్పండమ్మా. అది ఏ భక్తుని రోజో నేను చెబుతా."

వేమూరు లూథరన్ పేటలో, చర్చి మెట్ల మీద కూర్చుని అడుగుతున్నాడు ఆ కొత్త మనిషి. నెరిసిన తల, భుజాన సంచి, చేతిలో చిన్న చర్చి క్యాలెండరు.

"మా సింధుది జూలై ఇరవై తొమ్మిదండి," కోడలి తరఫున చెప్పింది కృపారాణి.

"మార్త రోజు. మార్త అంటే ఇంటి యజమానురాలని అర్థమమ్మా."

"బాగుందండి! ఆ పెత్తనం ఎప్పుడో మొదలెట్టేసింది."

అందరూ నవ్వారు. ఎదురింటి గుమ్మంలో నిలబడ్డ రిబ్కా మాత్రం నవ్వలేదు.

పుట్టినతేదీలు అడిగేవాడు మంచివాడెలా అవుతాడు? పోయిన నెలే పక్కవీధి జ్యోతిలక్ష్మిని ఎవడో ఫోనులో ఇలాగే తియ్యగా తేదీ అడిగి, బ్యాంకు ఖాతా ఊడ్చేశాడు.

పైగా ఇతగాడు ఎక్కువగా అడిగేది యాభై దాటిన ఆడవాళ్ళనే. వాళ్ళేమో ఒకరి తర్వాత ఒకరు జూలై ఒకటి అంటున్నారు.

"ఈ పేటలో అందరూ ఒక్కరోజే పుట్టారా అమ్మా?"

"అది బళ్ళో మాస్టారు వేసిన తేదీ అన్నయ్యగారూ. అసలుది ఎవరికి గుర్తు?" అంది కృపారాణి.

అతని మొహం చిన్నబోయింది. లేచి తిన్నగా రిబ్కా గుమ్మం ముందుకే వచ్చాడు.

"మంచినీళ్ళిస్తావా తల్లీ? నీ పేరేంటి?"

"రిబ్కా."

"కట్టి ఉంచే తాడు అంటారమ్మా ఆ పేరుకి అర్థం."

అబ్బో, కబుర్లతో కట్టిపడేద్దామని వచ్చాడు! రిబ్కా చెంబు ఇచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ అమ్మ దేవకుమారిగారు బాపట్ల హాస్టల్లో పెరిగారటగా?"

అన్నీ వాకబు చేసుకునే వచ్చాడన్నమాట.

"ఎవరు చెప్పారండీ?"

"హాస్టల్లోనే చెప్పారమ్మా. ఆవిడ పుట్టినతేదీ ఏంటి?"

"జూలై ఒకటండి."

"అది బడి తేదీ. ఇంట్లో చెప్పుకునేది?"

"అదేనండి."

అబద్ధం. అసలుది డిసెంబరు ఇరవై ఒకటి. ఇంటి గడప దాటని తేదీ కదా అని, అమ్మ ఫోనుకి రహస్య నంబరుగా రిబ్కాయే పెట్టింది. దాన్ని దారినపోయేవాడికి అప్పజెబుతుందా?

"ఎందుకడుగుతున్నారో చెప్పరేం?"

"ముందే చెబితే అందరూ ఆ తేదీయే మాదంటున్నారమ్మా. బాపట్లలో ఒకావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది కూడా. పాపం, ఆవిడ తప్పు లేదులే."

ఏడుపు కథ కూడా సిద్ధంగా ఉంది, అనుకుంది రిబ్కా.

"మీ అమ్మగారు వచ్చేదాకా ఈ అరుగు మీద కూర్చోనా?"

"తెనాలి కంటాసుపత్రికి వెళ్ళిందండి. ఇవ్వాళ రాదు."

"పోనీ, నా ఫోను నంబరు రాసుకుంటావా?"

"వద్దండి."

అతను చెంబు తిరిగిచ్చి స్టేషను వైపు నడిచాడు. రేపల్లె బండి కూత వినబడ్డాక గానీ రిబ్కా తలుపు గడియ తియ్యలేదు.

సాయంత్రం దేవకుమారి నల్లద్దాలతో బస్సు దిగి వచ్చింది. రిబ్కా జరిగిందంతా గొప్పగా చెప్పింది.

"ఎంత అడిగినా నీ అసలు తేదీ చెప్పలేదమ్మా!"

"మంచిపని చేశావు. ఇంతకీ ఎవరట?"

"ఏమో. పేరు తోమా అని కృపారాణత్తతో అన్నాడట."

దేవకుమారి గిరుక్కున స్టేషను వైపు తిరిగింది.

"ఏ ఊరన్నాడే? నంబరు ఇచ్చాడా?"

"ఇస్తానంటే నేనే వద్దన్నాను. ఎవరమ్మా ఆయన?" అంది రిబ్కా.

"డిసెంబరు ఇరవై ఒకటి తోమా భక్తుని రోజు. తోమా అంటే కవల అని అర్థం. ఏ భక్తుని రోజున పుడితే ఆ పేరు పెట్టేవారు మా పాస్టరుగారు. నా పేరంటే హాస్టల్లో మార్చేశారు గానీ..."

దేవకుమారి అద్దాలు తీసేసింది. కళ్ళు ధారలు కడుతున్నాయి.

"మేం కవలలమే రిబ్కా, ఆ పేరు పెట్టింది ఉప్పెనలో నా చెయ్యి జారిపోయిన మా అన్నకి."