రెండో తాళం చెవి

"మీకేం, మీరూ ఆయన బాపతే. కూర్చున్న చోటికే అన్నీ వచ్చేస్తాయి" అన్నాడు కండక్టర్, మాస్టారి బాల్కనీలో కుండీలకు నీళ్లు పోస్తూ.

మొక్కలు ఎదురు చెప్పవు. అందుకే వాటితో మాట్లాడటం అతనికి బాగా అలవాటైపోయింది.

లెక్కల మాస్టారిది ఎదురు వాటా. ఒంటరి మనిషి. వేసవి సెలవులివ్వగానే భుజాన సంచి వేసుకుని, తాళం చెవి కండక్టర్ చేతిలో పెట్టి, కొండల వైపు వెళ్తానంటారు. అక్కడ సిగ్నల్ అందదని, ఫోన్ చేయొద్దని ముందే చెబుతారు. మళ్లీ బడి తెరిచే ముందు రోజే కనబడతారు. నాలుగేళ్లుగా ఇదే వరస.

అంతకుముందు ఆయన గడప దాటి ఎరగరు. సెలవుల్లో రోజూ సాయంత్రం ఇద్దరూ మెట్ల మీద కూర్చుని కబుర్లాడుకునేవారు. ఒకరోజు కండక్టర్ ఉండబట్టలేక అన్నాడు.

"ఏం మాస్టారూ, ఏడాదికి రెండు నెలలు ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తున్నారు. ఇదేమన్నా న్యాయమా?"

"పది నెలలు అరవై మంది పిల్లల మధ్య నిలబడి చూడండి కండక్టరు గారూ. న్యాయమో కాదో మీ గొంతే చెబుతుంది."

"నా బస్సులో తొంభై మంది. నాకు జ్వరమొచ్చినా సెలవు దొరకదు. సరే, ఇచ్చారు. ఇచ్చినవి అనుభవించరేం? నాకే అన్ని సెలవులుంటే ఒక్క రోజు ఇంట్లో ఉండేవాణ్ని కాదు. మీరిలా మెట్ల మీద పారబోసుకుంటుంటే నా కడుపు తరుక్కుపోతోంది."

మాస్టారు నవ్వారు. మరుసటి వేసవి నుంచి ప్రయాణం కట్టారు.

అప్పటినుంచి కండక్టర్‌కి వేసవి వస్తోందంటే దిగులు. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. పగలంతా వందల మందితో మాట్లాడతాడు గానీ, "ఎక్కడికి?", "చిల్లర ఇవ్వండి" తప్ప మూడో మాట ఉండదు. ఆ మూడో మాట మాస్టారితోనే.

అందుకని సరిగ్గా ఆరింటికి డ్యూటీ దిగి, తిన్నగా మాస్టారి ఇంటికే వస్తాడు. కుండీలు ఆరు. నీళ్లు పోయడానికి పది నిమిషాలు చాలు. అతను గంట ఉంటాడు. డిపోలో మేనేజరు అన్న మాటలు, బస్సులో తగాదాలు, భార్య జ్ఞాపకాలు అన్నీ అక్కడే చెప్పుకుంటాడు. పడకగది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఎవరి గుట్టు వాళ్లదని దాని జోలికి పోలేదు. వెళ్లేటప్పుడు వీధి తలుపు లాగితే చాలు, తాళం దానంతటదే పడుతుంది.

ఈ ఏడాది మాత్రం అతని మనసులో ఒక పురుగు దూరింది.

మొదట వంటింట్లో పంపు. చుక్కచుక్కగా కారుతుంటే, "ఈ చప్పుడుకి పిచ్చెక్కేలా ఉంది" అని విసుక్కున్నాడు. మర్నాటికి కారడం ఆగిపోయింది. మాస్టారింటి పంపుకి కూడా క్రమశిక్షణ అబ్బిందని నవ్వుకున్నాడు. తర్వాత వరసగా రెండు రోజులు డబుల్ డ్యూటీ పడి రాలేకపోయాడు. మొక్కలు మాడిపోయి ఉంటాయని మూడో రోజు పరుగున వస్తే, మట్టి తడిగా ఉంది. బల్ల మీద వేలితో రాసి చూశాడు. దుమ్ము లేదు.

అప్పటికి గానీ అతనికి వెలగలేదు. మాస్టారు ఇంకెవరికో రెండో తాళం చెవి ఇచ్చి వెళ్లారు.

పై వాటాలో దర్జీని అడిగాడు. "మాస్టారు నీకేమైనా తాళం చెవి ఇచ్చారా?"

"మీరుండగా నాకెందుకిస్తారండీ?" అన్నాడు దర్జీ, మిషను ఆపకుండానే.

అడిగితే ఎవరు ఒప్పుకుంటారులే అనుకున్నాడు కండక్టర్. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. నాలుగేళ్లు నమ్మకంగా నీళ్లు పోసినవాడి మీద ఇంకొకరిని కాపలా పెట్టారు మాస్టారు. ఆ ఆలోచన అతని గుండెలో ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు మాస్టారు వస్తారనగా, కండక్టర్ చివరిసారి తలుపు తీశాడు. ఆరు కుండీలకూ నీళ్లు పోశాడు. తాళం చెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చెబుతున్నా వినండి" అన్నాడు మొక్కలతో. "ఇక నేను రాను. ఆయన వచ్చాక కూడా రాను. మెట్ల మీద కబుర్లూ వద్దు, ఏమీ వద్దు. నమ్మకం లేని చోట నాకెందుకీ పెత్తనం?"

వెళ్లబోయినవాడు మళ్లీ కుండీల వైపు తిరిగాడు.

"ఆ సెలవులు న్యాయం కాదని నేనెందుకు మొత్తుకుంటానో తెలుసా? ఆయన జీతం చూసి కుళ్లుకుని కాదు. ఈ రెండు నెలలూ నాకు మనిషి లేకుండా పోతాడు. అంతే. వెళ్లమని నోరు పారేసుకున్నది నేనే. ఇప్పుడు వెళ్లొద్దని ఏ మొహం పెట్టుకుని అడగను?"

చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. వీధి తలుపు దాకా వెళ్లి, లాగడానికి గొళ్లెం మీద చెయ్యి వేశాడు.

వెనక, పడకగది గడియ లోపలినుంచి తీసిన చప్పుడైంది.