వంటింటి కిటికీ కొలత

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే, కథ నిదానంగా నడిస్తే, మన్నించండి.

"పిన్నిగారూ, బాబాయిగారు ఇక్కడ పప్పులో కాలేశారు!"

బొమ్మ రైళ్ల క్లబ్బు కార్యదర్శి బల్ల మీదికి వంగి, అట్టతో చేసిన చిన్న ఇంటికి స్కేలు ఆనించాడు. భర్త పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్న ఆవిడ, ఆయన చేసిన బల్లమీది బొమ్మ ఊరినంతా క్లబ్బుకి ఇచ్చేస్తోంది.

"ఇది మీ ఇల్లే. ఎనభై ఏడో వంతుకి తగ్గించి చేశారు. తలుపులూ మెట్లూ వెంట్రుకవాసి తేడా లేవు. వంటింటి కిటికీ మాత్రం మూడింతలుంది."

"ఆయన కొలత తప్పడమా? నా మాట వినకపోయినా స్కేలు మాట వినేవారే!"

"పోనీలెండి, క్లబ్బులో కోసేసి చిన్నది పెడతాను."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది. కిటికీకి ఎదురుగా స్టేషను, బెంచీల మీద మనుషులు.

కొత్త కాపురంలో ఆవిడ అడిగింది: "రోజంతా గోడ మొహం చూస్తూ వండలేనండీ. ఆ కిటికీ కాస్త పెద్దది చేయిస్తే నలుగురైనా కనబడతారు." ఆయన "చూద్దాంలే" అని బొమ్మల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. తర్వాత నలభై ఏళ్లు ఇద్దరూ ఆ మాటెత్తలేదు.

"కొయ్యకు నాయనా," అంది. "అది తప్పు కాదు, నేనడిగిందే."

"మరి అసలింటికి ఎందుకు పెట్టించలేదు?"

"వంటింటి గోడ పగలగొట్టించాలంటే ముందు ఆయన బొమ్మల గది తలుపు తీసి నాతో మాట్లాడాలిగా."

పట్టపగలే లైటు వేసుకుని, అతనికి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

— ఆవిడే, బొమ్మరైళ్లాయన భార్య, డెబ్భై రెండేళ్లు, ఇప్పుడు చెల్లెలి కూతురి ఇంట్లో.