కాజాకు మాత్రమే

"కొర్రమీను కొనుక్కొచ్చి కుక్కకు పెడతారా ఎవరైనా?" అన్నాడు అమ్మిరాజు, వంటింటి గడప దగ్గర నిలబడి.

కోడలు రజిత తలెత్తలేదు. ఉడికిన చేపను పళ్లెంలో పెట్టుకుని ముళ్లు ఏరుతోంది. ఏరిందే మళ్లీ ఏరుతోంది.

"బొమ్మె చేప మస్తు బలం మామయ్యా. కాజా జెర చిక్కింది" అంది.

కాజా బాల్కనీలో పడుకుని ఉంది. కొడుకు సత్యదేవ్ పెంచుకుంటున్న కుక్క. చిక్కడం మాట దేవుడెరుగు, నడిస్తే పొట్ట నేలకు రాసుకుంటోంది.

అమ్మిరాజుది నరసాపురం. గోదారి చేపలు తిని పెరిగిన నాలుక. కోడలిది బన్సీలాల్‌పేట్. కొర్రమీనును బొమ్మె అనేవాళ్లకు చేప వండటం ఏం తెలుస్తుందని పెళ్లినాటి నుంచీ ఆయన అభిప్రాయం. దాన్ని ఏనాడూ మనసులో దాచుకోలేదు.

గుండెలో కవాటం మార్చాలంటే రెండు నెలల కిందట చిలకలగూడలోని కొడుకు ఫ్లాటుకు వచ్చాడు. డాక్టర్లు ఉప్పు మానేయమన్నారు. రజిత చప్పిడి కూరలు వండింది. మొదటి పూటే కంచం పక్కకు నెట్టేశాడు.

"జైల్లో కూడా ఇంతకంటే మంచి కూడు పెడతారు. నీ చేతి చప్పిడి తిండి ఇక ముట్టను."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. పూటకింత మజ్జిగ, ఓ అరటిపండు. మనిషి సగమయ్యాడు.

"ఒంట్లో సత్తువ లేకుండా ఆపరేషన్ చేయలేం. నెలలో నాలుగు కిలోలైనా పెరగాలి. లేదంటే నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చాక కొడుకు బతిమాలాడు. కోడలు కంచం పట్టుకుని నిలబడింది. అమ్మిరాజు టీవీ శబ్దం పెంచాడు.

సరిగ్గా ఆ వారమే ఆ మహాతల్లికి కుక్క మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

చేప, చిలగడదుంప, గుడ్డు కలిపి పిసికి, బిళ్లలు చేసి ఓవెన్‌లో పెట్టింది. ఉప్పు లేదు, ఉల్లి లేదు. కుక్కలకు మంచివి కావట. పైగా కరివేపాకు, మిరియాల పొడి.

"కుక్కకు మిరియాలెందుకమ్మాయ్?"

"జలుబు చేస్తదని" అంది.

ఇంత తెలివి ఏ బడిలో నేర్పారో అనుకున్నాడు అమ్మిరాజు.

బిళ్లలన్నీ ఓ రేకు డబ్బాలో పోసి, పైన 'కాజాకు మాత్రమే' అని కాగితం అంటించింది. తీసుకొచ్చి ఆయన కుర్చీ పక్కనున్న బల్ల మీద పెట్టింది. "మీరు దానికి పెట్టకుండ్రి మామయ్యా. పొద్దుమీకి నేనొచ్చినంక చూస్కుంటా" అని ఆఫీసుకు వెళ్లిపోయింది.

పదకొండింటికి అమ్మిరాజు డబ్బా మూత తీశాడు. కేవలం నవ్వుకోవడానికే. ఒకటి కొరికాడు. వంక పెట్టాలంటే రుచి చూడాలి కదా. రెండోది అనుమానం తీరక. ఐదోదానికి కారణం వెతకడం మానేశాడు.

ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. కాజా వైపు ఒక్క బిళ్ల విదల్చలేదు. అది ఓసారి మూతి చాపి, ఏదో తిట్టు గుర్తొచ్చినట్టు వెనక్కి తగ్గి పడుకుంది.

"నీకేం తెలుసే చేప రుచి. నువ్వూ మీ అమ్మగారి బాపతే" అన్నాడు దానితో.

సాయంత్రం రజిత మూత తీసి చూసింది. సగమే ఉన్నాయి. అమ్మిరాజు టీవీ వైపు తిరిగాడు. ఆమె మూత పెట్టేసి టీ కాయడానికి వెళ్లింది. ఆయనకు ముందు హమ్మయ్య అనిపించింది, తర్వాత నవ్వొచ్చింది. సగం డబ్బా ఖాళీ అయినా తెలియని మొద్దు, ఆఫీసులో ఏం వెలగబెడుతోందో. మర్నాటి నుంచి మొహమాటం వదిలేశాడు. డబ్బా ఖాళీ అయినప్పుడల్లా ఆమె మళ్లీ చేసి నింపుతూనే ఉంది.

రెండో వారం ఓ బిళ్ల గట్టిగా తగిలి పన్ను కదిలింది. కారణం చెప్పకుండా, పన్ను నొప్పి అని ఇల్లంతా వినపడేలా సణిగాడు. ఆదివారం చేసిన బిళ్లలు గారెల్లా మెత్తగా వచ్చాయి.

"చేసిందాన్ని మళ్లీ అలాగే చేయడం కూడా చేతకాదు" అనుకున్నాడు, నాలుగు నోట్లో వేసుకుంటూ.

నెల తిరిగేసరికి నాలుగున్నర కిలోలు పెరిగాడు. డాక్టరు ఆపరేషన్ తేదీ రాసిచ్చి, "ఏం తింటున్నారండీ?" అని అడిగాడు.

"గోదారి ఒళ్లండీ ఇది. మజ్జిగతోనే లేచి కూర్చుంటుంది" అన్నాడు అమ్మిరాజు.

పక్కన రజిత గోడ మీది క్యాలెండరు చూస్తోంది. మామగారి ప్రాణం ఆమెకేం పట్టింది, కుక్క సంగతైతే కాగితం మీద రాసుకునేది.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజు పొద్దున సంచీ సర్దడం అయిపోయింది. కొడుకు ఆటో కోసం కిందికి దిగాడు. అమ్మిరాజు డబ్బాలో చెయ్యి పెట్టాడు. ఒక్కటే బిళ్ల మిగిలింది.

తిరిగి వస్తానో రానో అనిపించింది. భయమేసింది. పుట్టాక ఒకరి సొమ్ము తినలేదు. ఆఖరికి నోరులేని దాని నోటి దగ్గరిది నెల రోజులు తిన్నాడు. సిగ్గనిపించింది. కుక్క ముందు సిగ్గుపడాల్సి వచ్చినందుకు ఒళ్లూ మండింది.

"ఇంద, నీ వాటా. మీ అమ్మగారికి కళ్లు లేవు కాబట్టి నా పరువు దక్కింది" అంటూ వంగి, కాజా మూతి దగ్గర పెట్టాడు.

వంటింట్లోంచి రజిత పరుగెత్తుకొచ్చి ఆయన చేతిలోని బిళ్ల లాక్కుంది.

"వద్దు మామయ్యా, కాజాకు చేప పడదు, చిన్నగున్నప్పటి సంది దానికి ఒక్క ముక్క సుత పెట్టలే."