దొరకని హీరో

విమానాశ్రయంలో వేలిముద్రల తనిఖీ క్యూలో తాపీమేస్త్రి మొండయ్య వేళ్లకు వాజిలిన్ రుద్దుతూనే ఉన్నాడు. ఊరికే నిలబడలేక, వెనకున్న ఇంజనీరు ఉదయకిరణ్‌ను అడిగాడు.

“ఏం బుక్కు సారూ?”

“సైబర్‌పంక్ నవలన్నా. ఇలాంటివి చాలా చదివా, అన్నీ ఒకటే. కంపెనీదే రాజ్యం, గోడగోడకీ కెమెరా. చివర్లో హీరో వేలిముద్రలు చెరిపేసుకుని, ఏ మిషన్‌కీ దొరక్కుండా పారిపోతాడు.”

“నా ముద్రలు సిమెంటే తిన్నది సారూ. మొన్న గిట్లనే మిషన్ గుర్తువట్టక ఫ్లైటు పోయింది. ఇంటికాడ నా పెండ్లాం ముత్తవ్వ ఒకటే ఏడుపు.”

ఉదయకిరణ్ పుస్తకాన్ని చంకలో ఇరికించుకుని, మొండయ్య బొటనవేలు పట్టుకుని తానే రుద్దసాగాడు.

కౌంటర్ దగ్గర ఎర్రలైటు వెలిగింది. మళ్లీ పెడితే మళ్లీ ఎర్రలైటే. మొండయ్య వేలు చొక్కాకు తుడుచుకుని, ఇంకోసారి అదిమాడు. పచ్చలైటు!

“దొరికిన సారూ!” మొండయ్య వెనక్కి తిరిగి అరిచాడు. “మిషన్‌కు దొరికిన!”