రోహిణి దాచిన కబురు

అంతర్యుద్ధం మొదలయ్యాక సైనికులెవరూ ఇంటికి ఫోన్ చేయకూడదన్నారు. వాళ్ల బదులు ఒక యంత్రం, అచ్చం వాళ్ల గొంతుతోనే, రోజూ సాయంత్రం ఇళ్లకు మాట్లాడేది. టెక్కలి వదిలి వచ్చిన ధర్మారావు తొమ్మిది నెలలుగా ఎక్కడో కొండల్లో కాపలా కాస్తున్నాడు. భార్య రోహిణి యంత్రంతో ఏమందో వారానికోసారి కాగితం మీద అందేది. "బాగున్నాను. జాగ్రత్త." అంతే. తన మీద మనసు విరిగిందేమోనని అతనికి ఒకటే దిగులు.

కాల్పులు ఆగిన రోజు ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు నిజం ఫోన్ ఇచ్చారు.

"రోహిణీ, నేనేనే."

"నువ్వేనని ఎలగ నమ్మీది? రోజూ ఇదే గొంతు కదా."

"ఇన్నాళ్లూ ముక్తసరిగా మాటాడి, ఇప్పుడు అనుమానమేటే నీకు?" అని కసిరాడు.

ఆమె పకపకా నవ్వింది. "ఆ మిషనుకి కోపమే రాదు. నువ్వే మావా!"

వెనకనుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

"ఎవరే ఆ పిల్ల?"

"నీ కూతురు. పుట్టి ఇరవై రోజులైంది. ఈ కబురు మిషనుకెందుకు చెప్తాను? నీకే చెప్పాలని దాచుకున్నాను."

ధర్మారావు పెట్టిన కేకకు, వెనక వరుసలో ఉన్నవాళ్లు తమ వంతు మరిచిపోయి అతన్ని భుజాలకెత్తుకున్నారు. పైనుంచే అతను ఫోన్‌లో అరుస్తున్నాడు:

"ఊరుకోబెట్టకే! ఇంకాస్త ఏడవనీ!"