పళ్లెం అంచున వంకాయ

మెల్‌బోర్న్ చూడ్డానికెళ్లిన నన్ను మా అమ్మాయి శ్రీలేఖ ఒక చిన్న ఫ్రెంచి హోటలుకు తీసుకెళ్లింది. కూరలోని వంకాయ ముక్కలన్నీ ఏరి పళ్లెం అంచుకు నెట్టాను.

"వంకాయంటే పడిచస్తావు కదా నాన్నా! మెనూ అంతా వెతికి నీకోసమే చెప్పాను."

"బ్రెడ్డు చాల్లేమ్మా."

"నీకసలేదీ పట్టదు. అమ్మ పోయినప్పుడూ ఇంతే. కంట్లో చుక్క నీళ్లు రాలేదు."

బ్రెడ్డు తుంచుకున్నాను.

"వంకాయ కాశీలో వదిలేశానమ్మా."

"ఎప్పుడు?"

"మీ అమ్మ అస్థికలు గంగలో కలిపిన రోజు. బాగా ఇష్టమైనదేదో ఒకటి వదిలేయమన్నాడు పంతులు. ఆమె చేయని వంకాయ ఇక నాకెందుకులే అనుకున్నా."

శ్రీలేఖ నా పళ్లెం తనవైపు లాక్కుని, ఆ ముక్కలు ఒక్కొక్కటే తింది. తన బ్రెడ్డు నా ముందు పెట్టింది.